హిందీ పాటలో తెలంగాణ కవి

హిందీ పాటలని మనము పిలుచుకొను గీతములలో కొన్ని మన నేలనుండి వెళ్ళినవే. 1982లో వెలువడిన ‘బాజార్’ చిత్రములోని ‘ఫిర్ ఛిడీ రాత్’ అట్టిది. దానిని ఖయ్యాం స్వరపరచగా లతా మంగేష్కర్, తలత్ అజీజ్ ఆలపించిరి. కవి మఖ్దూం మొహియుద్దీన్. 1908లో నాటి మెదక్ జిల్లా అందోలులో జన్మించి, హైదరాబాదు సిటీ కాలేజీలో బోధించి, ఆపై కార్మికోద్యమ నాయకుడైన మహనీయుడు. 1969లోనే కన్నుమూసినందున ఈ పాటకు లభించిన ఆదరణను ఆయన చూడలేదు.

ఇది గజలు. గజలులో ప్రతి షేరు చివర ఒకే మాట మరల మరల వచ్చును. దానిని రదీఫ్ అందురు. ఇందులో ఆ మాట పూలను గూర్చినది. కావుననే ఉర్దూ రానివారి నాలుకపై సైతము ఈ పాట సులభముగా నిలుచుచున్నది.

కాని చిత్రములో ఈ పాటతో మురిసిన పేదపిల్ల షబ్నంను, ఆ పిమ్మట గల్ఫులో ధనమార్జించిన వానికి డబ్బు కొరకు కట్టబెట్టుదురు. ఆమె ప్రాణము తీసుకొనును. దర్శకుడు సాగర్ సర్హదీ ఈ కథను హైదరాబాదులోనే నడిపెను. గల్ఫు సంపాదన మన బుగ్గారం, జగిత్యాల పల్లెలకును తెలిసినదే. దానితో ఇండ్లు లేచినవి, పిల్లలు చదువుకొనిరి. అయినను అది పెండ్లి బేరమునకు కొలబద్ద కారాదని మేము తలంచుచున్నాము.

పాట నిలిచినది, షబ్నం మరపున పడినది. పూలపాట పాడుకొనునపుడు ఆ పిల్లను కూడ తలంచుకొందము.