గేదె మింగలేకపోతే నోట్లో చేయి పెట్టకండి



గేదె పొద్దున మేత ముట్టలేదు. కుడితి తొట్టిలో మూతి పెడుతున్నది గాని గుటక పడడం లేదు. నోటి వెంట చొంగ తీగలుగా కారుతున్నది. నిన్నటి దాకా నిండుగా ఇచ్చిన పాలు ఒక్కసారిగా తగ్గాయి. ఇటువంటప్పుడు ఇంట్లో అందరూ అనుకునే మాట ఒకటే: "గొంతులో ఏదో అడ్డుపడినట్టుంది." ఒకరు తల పట్టుకుంటారు, మరొకరు నోట్లో చేయి పెట్టి వెతుకుతారు.

అడ్డుపడినది మామిడి టెంక అయితే ఫరవాలేదు. కాని ఇవే గుర్తులు రేబీస్‌లోను కనిపిస్తాయి. అప్పుడు లోపం గొంతులో లేదు, మెదడులో ఉన్నది. చేయి పెట్టిన మనిషి ప్రాణానికే ముప్పు.

పిచ్చికుక్క చొంగలో రేబీస్ వైరస్ ఉంటుంది. కాటు ద్వారా అది కండలోకి దిగి, అక్కడి నరాల కొసలను పట్టుకుంటుంది. చాలా రోగాల వలె ఇది రక్తంలో పడి ఒళ్ళంతా పాకదు. నరం వెంబడి మెల్లగా వెన్నుపాముకు, అక్కడినుండి మెదడుకు ఎక్కుతుంది. ఈ ప్రయాణం సాగినన్నాళ్ళూ పశువైనా మనిషైనా ఆరోగ్యంగానే కనిపిస్తారు. మనుషులలో సాధారణంగా రెండు మూడు నెలలు, ఒక్కొక్కప్పుడు వారం నుండి ఏడాది వరకు కూడా పట్టవచ్చు. కాటు తలకు దగ్గరగా ఉంటే వ్యవధి తక్కువ.

మింగడం, ఊపిరి పీల్చడం వంటి పనులను నడిపేది మెదడు అడుగు భాగం. వైరస్ అక్కడ చేరగానే ఆ పనులు తప్పుతాయి. మనిషికి నీళ్ళు చూస్తేనే గొంతు కండరాలు బిగుసుకుపోతాయి. పశువుకు నీటి భయం అంతగా కనిపించదు. తాగాలని చూస్తుంది గాని గొంతు చచ్చుబడి మింగలేదు. గొంతు బొంగురుపోయి పదే పదే అరుస్తుంది. ఎదకు వచ్చిందని పొరబడేవారూ ఉన్నారు. తరువాత వెనుక కాళ్ళు తూలి పడిపోతుంది. మెదడునుండి వైరస్ మళ్ళీ నరాల గుండానే చొంగ గ్రంథులకు దిగుతుంది. అందుకే ఆ చొంగ ప్రమాదకరం.

ఆశ్చర్యమేమంటే, ఇంత చేసిన రోగం మెదడులో పైకి కనిపించే గుర్తులు ఎక్కువగా మిగల్చదు. 1903లో ఇటలీ శాస్త్రజ్ఞుడు నెగ్రీ సూక్ష్మదర్శినితో చూసి, మెదడు కణాలలో ఈ రోగానికే ప్రత్యేకమైన చిన్న మచ్చలను కనుగొన్నాడు. వాటిని నెగ్రీ బాడీలు అంటారు.

రోగం బయటపడిన తరువాత నయం చేసే మందు నేటికీ లేదు. కాని వైరస్ నడక నిదానం కనుక, అది మెదడును చేరేలోగా టీకా వేస్తే శరీరం దానిని ఎదుర్కొనే శక్తిని తయారుచేసుకుంటుంది. 1885 జూలైలో పారిస్‌లో లూయీ పాశ్చర్ జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ బాలుణ్ణి కాపాడినది ఈ సూత్రం మీదనే.

బొడ్డు చుట్టూ పధ్నాలుగు సూదులన్న భయం పెద్దవారిలో ఇంకా ఉన్నది. ఆ టీకాను 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ గొర్రె మెదడు నుండి తయారుచేశాడు. అందులోని మెదడు పదార్థం వల్ల కొందరికి మెదడు వాపు కూడా వచ్చేది. మన దేశంలో దానిని 2004లో నిలిపివేశారు. ఇప్పటి టీకాను చేతికే వేస్తారు: చర్మంలోకి అయితే 0, 3, 7, 28 రోజులలో, కండకు అయితే 14వ రోజున కూడా. జాతీయ పాడి అభివృద్ధి మండలి 1982లో హైదరాబాదులో నెలకొల్పిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ పశువులకు, మనుషులకు కూడా రేబీస్ టీకాలు తయారుచేస్తున్నది.

సభ్యులు పాటించవలసినవి:

1. పశువును గాని మనిషిని గాని కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడగండి. కారం, సున్నం, ఆకుపసర్లు పెట్టవద్దు.

2. మనిషిని అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. నెత్తురు వచ్చిన కాటుకు టీకాతోపాటు గాయంలో వేసే సీరం కూడా అవసరం. మధ్యలో టీకా మానవద్దు. పశువుకు పశువైద్యుని చేత వెంటనే టీకాలు మొదలుపెట్టించండి.

3. మింగలేని పశువు నోట్లో చేయి పెట్టవద్దు. విడిగా కట్టి పశువైద్యునికి కబురు చేయండి. చొంగ చేతి గీతలకు, పుండ్లకు తగిలితే కాటుగానే భావించి ఆసుపత్రికి వెళ్ళండి.

4. అనుమానమున్న పశువు పాలు కేంద్రానికి పోయవద్దు, ఇంట్లోనూ వాడవద్దు. కాచిన పాలు అప్పటికే తాగినవారు భయపడనక్కరలేదు. కాగితే వైరస్ చస్తుంది. పచ్చిపాలు తాగినవారు వైద్యుని సలహా తీసుకోండి.

5. చనిపోయిన పశువు తోలు తీయకుండా లోతుగా పాతిపెట్టండి.

6. ఇంటి కుక్కకు ఏటా టీకా వేయించండి.

గేదె పోతే మరొక గేదెను కొనుక్కోగలం. దాని నోట్లో చేయి పెట్టిన మనిషిని మాత్రం తిరిగి తెచ్చుకోలేం. ఈ సంగతి పాలు పోయడానికి వచ్చే ప్రతి సభ్యునికీ చెప్పవలసిందిగా సంఘాల కార్యదర్శులను కోరుతున్నాము.