సూర్యకిరణములు – డి విటమిను



సూర్యభగవానుడు ఆరోగ్యప్రదాత యని మన పెద్దలు చెప్పుచు వచ్చిరి. రథసప్తమినాడు అరసవల్లిలో బారులు తీరిన భక్తులలో ఆరోగ్యమును వేడుకొననివారు అరుదు. అయితే ప్రాతఃకాలమున అర్ఘ్యమిచ్చినచో డి విటమిను లభించుననియు, అందులకే ఋషులు సంధ్యావందనమును విధించిరనియు ఈ నడుమ తరచుగా వినవచ్చుచున్నది. చెప్పువారిది సదుద్దేశమే కావచ్చును. కాని ఆ మాట నమ్మి, ఎముకలు నొచ్చుచున్నను వైద్యుని దరిజేరనివారు కలరు. కనుక విచారింపవలసి యున్నది.

మన చర్మమునందు కొలెస్టరాలుకు జ్ఞాతి యనదగిన పదార్థ మొకటి కలదు. కంటికి గోచరింపని అతినీలలోహిత కిరణములలో 'బి' తరగతివి సోకినప్పుడు అది డి విటమినుగా మారును. పిమ్మట కాలేయమున ఒకమారు, మూత్రపిండములలో మరియొకమారు సంస్కారము పొందినగాని అది పనికి రాదు. అప్పుడే ప్రేగులు అన్నములోని కాల్షియమును, భాస్వరమును చక్కగా గ్రహించును. ఇది కొరవడినచో పిల్లలకు కాళ్ళు వంగు రికెట్స్ వ్యాధి వచ్చును. పెద్దల యెముకలు మెత్తబడును. 1919లో బెర్లిను నగరమున హుల్డ్‌షిన్‌స్కీ అను వైద్యుడు అతినీలలోహిత దీపకాంతితోనే రికెట్స్‌ను నయము చేసి చూపెను.

ఉదయకిరణములు ఏటవాలుగా వాయుమండలమున చాల దూరము పయనించి వచ్చును. ఆ దారిలోనే 'బి' కిరణములను ఓజోను పొర దాదాపుగా హరించును. మన నీడ మనకంటె పొట్టిగా నుండు వేళ, అనగా మధ్యాహ్నమునకు అటునిటుగా, అవి మేనికి బాగుగా అందును. కిటికీ అద్దము వానిని ఆపివేయును. చామనచాయ, నలుపు మేనివారికి మరికొంత సేపు కావలెను. ఇంత యెండ గల తెలుగునేల మీదనే ఈ లోపము విరివిగా కనబడుటకు నీడపట్టు కొలువులు, నిండు వస్త్రములు, పొగ కమ్మిన నగరములు కారణములు. ఇల్లు కదలని వృద్ధులయెడ మరింత శ్రద్ధ వహింపవలెను.

సంధ్యావందనము నిత్యకర్మ. దానికి అరకొర విజ్ఞానపు ఊతకర్ర యేల? వేళను బట్టి చూచినచో, నేడు పలువురు విడిచిపెట్టిన మాధ్యాహ్నికమే ఆ కిరణములకు చేరువ. అట్లని దానికిని ఈ కారణమును మేము అంటగట్టము.

శాకాహారములో ఈ విటమిను స్వల్పము. పెద్దలకు దినమునకు 600 యూనిట్లు కావలెనని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో తెలిపినది. లోపము తేలినవారికి వైద్యులు తరచుగా 60,000 యూనిట్ల పొడిని వారమున కొకటిగా వ్రాయుదురు. దానిని ప్రతిదినము సేవించుచు పోయినచో రక్తమున కాల్షియము మితిమీరి మూత్రపిండములు చెడును.