అంచు కాదు, ఆనేచోటు

జనగామ దగ్గరి పెంబర్తిలో ఇత్తడి రేకును లక్క మీద పరిచి, వెనక నుంచి కొట్టి బొమ్మ తేలుస్తారు. గుడి తలుపుకు చేసిన తొడుగు ఆ తలుపుకే. పెట్టి చూసి, మేకు ఎక్కడ పడాలో అక్కడే బెజ్జం వేయవచ్చు. డ్రాయింగుతో పని లేదు.

భూపాలపల్లి పక్కన చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రంలాంటి చోట ఈ సుఖం ఉండదు. పంపు కింది పోత బ్రాకెట్ విరిగితే, కొత్తది ఏ ఊళ్లో తొలిచినా వచ్చి కూర్చోవాలి. కొలతలు ఎక్కడి నుంచో డ్రాయింగే చెప్పాలి. ఆ ‘ఎక్కడి నుంచి’ పేరే డేటమ్.

వంకరటింకర ముక్కలో తిన్నగా కనిపించే అంచును చూడగానే చెయ్యి అటే పోతుంది. కానీ అది ఇసుక అచ్చులో పోసిన అంచు, ప్రతి పోతకూ కాస్త జరుగుతుంది. పైగా మెషిన్లో దేనికీ తగలదు. దేనికీ తగలని అంచు నుంచి కొలవడం పేపరు మీద చాలా అందంగా ఉంటుంది. నిజానికి బ్రాకెట్ ఆనేది మిషనింగ్ చేసిన అడుగు ముఖం మీద. అదే డేటమ్ ఎ. దాన్ని నడిమికి తెచ్చేది గుండ్రటి బోరు, అది బి. తిరక్కుండా పట్టేది ఒక గాడి, అది సి. ముఖం మూడు కదలికలను ఆపుతుంది, బోరు రెంటిని, గాడి మిగిలిన ఒక్కదాన్ని. వరస మారిస్తే కొలత అర్థమే మారుతుంది: పొడుగాటి బోరును మొదట పెడితే, ముక్క బోరు వెంబడి నిలుస్తుంది, ముఖం వంకరగా ఆనినా సరే.

ఇంకా ఏ ముఖమూ కోయని పచ్చి పోతైతే? ఉపరితలం మొత్తాన్ని నమ్మకుండా మూడు చోట్లు గుర్తించి, వాటినే డేటమ్ టార్గెట్లు అనాలి. మూడుకాళ్ల పీట ఎగుడుదిగుడు నేల మీదా ఊగదు. ఆ చోట్లు వీలైనంత ఎడంగా ఉండాలి, అచ్చు అతుకు గీత మీద మాత్రం వద్దు.

ఇక టాలరెన్స్, అంటే ఎంత తేడాను ఒప్పుకోవాలన్నది. బెజ్జానికి అటూ ఇటూ, పైనా కిందా ±0.1 మి.మీ. రాస్తే చతురస్రం వస్తుంది. దాని మూల, నడుమ నుంచి 0.14 దూరం. మూలన పడ్డ బెజ్జం పాసై, నేరుగా పక్కకు 0.12 జరిగింది ఫెయిలవడం ఏం న్యాయం? బోల్టుకు మూలలతో పనేమిటి? రెండో ప్రపంచ యుద్ధ కాలంలో స్కాట్లండ్ టార్పెడో ఫ్యాక్టరీలో ఇంజినీరు స్టాన్లీ పార్కర్ పట్టుకున్నది దీన్నే. 0.283 వ్యాసం గల వృత్తం ఇస్తే మూలలన్నీ అందులోనే ఇముడుతాయి, విస్తీర్ణం 57 శాతం పెరుగుతుంది.

ఆ వ్యాసం ఎంతుండాలో భయాన్ని కాదు, బోల్టును అడగాలి. 10 మి.మీ. బోల్టు, కనీసం 11 మి.మీ. బెజ్జం, రెండు ముక్కల్లోనూ వదులే అయితే ఒక్కో ముక్కకు 1 మి.మీ. ఇవ్వవచ్చు. ఒకదాంట్లో మరలు కోస్తే ఆ 1 మి.మీ.ను రెండు ముక్కలూ పంచుకోవాలి. బెజ్జం 11.2 వచ్చిందనుకోండి, డ్రాయింగులో వృత్తంలో ‘ఎమ్’ గుర్తు ఉంటే, బెజ్జం పెరిగిన ఆ 0.2 కూడా వెసులుబాటే. ఆ గుర్తు మరిచిపోతే పనికొచ్చే ముక్క తుక్కులోకి పోతుంది, తుక్కు కొనేవాడికి మాత్రం లాభం.

పంపు, మోటారుతో కచ్చితంగా ఒకే వరసలో నిలవాలంటే? చాలామంది బోల్టు బెజ్జాలన్నిటికీ 0.05 రాసేసి చేతులు దులుపుకుంటారు, బిల్లు వచ్చాక ఆశ్చర్యపోతారు. బోల్టు పని బిగించడమే. చోటు చూపించే పని రెండు డోవెల్ పిన్నులకు అప్పగించి, 0.05 ఆ రెండు బెజ్జాలకే ఇస్తే, బోల్టు బెజ్జాలు వదులుగానే ఉండిపోవచ్చు.