ఫెర్రెట్ కిడ్నీ రిపోర్టు: 1.0 అంటే నార్మల్ కాదు

మన రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.0 వస్తే డాక్టరు సరేనని తలూపుతారు. అదే అంకె ఫెర్రెట్ రిపోర్టులో కనిపిస్తే వెంటనే కిడ్నీల మీద అనుమానం రావాలి. ఆరోగ్యంగా ఉన్న ఫెర్రెట్‌కు డెసీలీటరు రక్తంలో క్రియాటినిన్ సగటున 0.4 నుంచి 0.6 మిల్లీగ్రాములే ఉంటుంది. 0.9 దాటడం అరుదు. కుక్కల్లో 1.4, పిల్లుల్లో 1.6 దగ్గర గీసుకున్న గీతలు దీనికి పనికిరావు. ఆ గీత దాటేదాకా ఆగితే జబ్బు చాలా ముదిరిపోయి ఉంటుంది.

అమెరికా, యూరప్‌లలో చాలా ఇళ్లలో పెంచుకునే ఈ జంతువు చూడటానికి ముంగిసలా పొడవుగా ఉంటుంది. బరువు కిలో అటూఇటూ, ఆయుష్షు 5 నుంచి 8 ఏళ్లు. కిడ్నీ జబ్బు ఎక్కువగా వయసు మళ్లాకే బయటపడుతుంది. బరువు తగ్గడం, నీరసం, ఎక్కువగా నీళ్లు తాగడం, వెనక కాళ్లలో పట్టు తప్పడం కనిపిస్తాయి. ఇవే లక్షణాలు వేరే జబ్బుల్లోనూ ఉంటాయి కాబట్టి పరీక్షలు తప్పవు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఫెర్రెట్ కిడ్నీలు బాగా దెబ్బతిన్నా క్రియాటినిన్ కొంచెమే పెరగవచ్చు. ముందుగా ఎగబాకేది యూరియా నైట్రోజన్. దాని మామూలు పరిధి 10 నుంచి 45 మిల్లీగ్రాములు. మన ల్యాబుల్లో ఇచ్చే 'బ్లడ్ యూరియా' లెక్కలోకి మార్చాలంటే 2.14తో గుణించాలి, అంటే 45 కాస్తా 96 అవుతుంది. మాంసాహారి కాబట్టి మనిషికి కంగారు పుట్టించే ఈ అంకె ఫెర్రెట్‌కు సహజమే. అలాగని యూరియా పెరిగిన ప్రతిసారీ తప్పు కిడ్నీదే అనలేం. ఒంట్లో నీరు తగ్గినా, కడుపులో పుండు నుంచి రక్తం కారినా అది పెరుగుతుంది. మగవాటిలో అడ్రినల్ గ్రంథి జబ్బు వల్ల ప్రోస్టేట్ ఉబ్బి మూత్రం ఆగిపోయినా పెరుగుతుంది. ఈ చివరిది గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది, కానీ అడ్డు తొలగిస్తే కిడ్నీలు కోలుకునే అవకాశం ఉంది. అందుకే దాన్ని ముందు చూడాలి.

తేల్చి చెప్పేది మూత్రం చిక్కదనం. ఆరోగ్యంగా ఉన్న ఫెర్రెట్ మూత్రం సాంద్రత 1.026 నుంచి 1.070 దాకా ఉంటుంది. యూరియా ఎక్కువగా ఉండి, ఒంట్లో నీరు తగ్గి ఉన్నా మూత్రం 1.008 నుంచి 1.012 మధ్యే ఆగిపోతే, కిడ్నీలు వడపోసినదాన్ని చిక్కబరచలేకపోతున్నాయన్నమాట. ఈ నమూనా సెలైన్ ఎక్కించకముందే తీయాలి. సెలైన్ ఎక్కాక మూత్రం ఎలాగూ పల్చబడుతుంది, ఆ అంకెకు విలువ ఉండదు. హడావుడిలో చాలాసార్లు తప్పిపోయేది ఇదే. ఈ ఒక్కటీ గట్టిగా అడగండి.

భాస్వరం పెరగడం, రక్తహీనత జబ్బు పాతదని చెప్పే సూచనలు. అయితే ఫెర్రెట్ రక్తంలో ఎర్రకణాల వాటా 50 శాతం దాటడం మామూలే. పిల్లికి సరిపోయే 35 శాతం దీనికి తక్కువ కిందే లెక్క. ఐసోఫ్లూరేన్ మత్తు ఇచ్చి రక్తం తీస్తే ఆ వాటా నిమిషాల్లోనే పడిపోతుంది, లేని రక్తహీనత రిపోర్టులో కనిపిస్తుంది. మత్తు ఇచ్చారా లేదా అన్నది రిపోర్టు మీద రాసి ఉండాలి. 750 గ్రాముల ఆడ ఫెర్రెట్ ఒంట్లో మొత్తం రక్తం సుమారు 40 మిల్లీలీటర్లే కాబట్టి మళ్లీ మళ్లీ తీయడం కుదరదు. పరీక్ష కోసం 4 గంటలకు మించి పస్తు పెట్టకూడదు కూడా. వయసు మళ్లిన ఫెర్రెట్లలో ఇన్సులిన్ కణితులు ఎక్కువ, చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు.

అల్ట్రాసౌండ్‌లో కిడ్నీల మీద నీటి తిత్తులు కనిపిస్తే బెదిరిపోనక్కర్లేదు. ఫెర్రెట్లలో అవి మామూలే, చాలావరకు హాని చేయవు. పెద్దవై కిడ్నీ కండను మింగేస్తున్నప్పుడే ఆలోచించాలి.

మూడేళ్లు దాటాక ఏడాదికోసారి రక్తం, మూత్రం పరీక్ష చేయించి రిపోర్టులు దాచి ఉంచండి. నిరుడు 0.3 ఉన్న క్రియాటినిన్ ఇప్పుడు 0.7 అయితే ల్యాబు దాన్ని నార్మల్ అనే రాస్తుంది. రెట్టింపు దాటిందన్న సంగతి పాత కాగితం చేతిలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది.