పెరటి ప్రాణుల పరిచయము

వన్యప్రాణులను చూడవలెనన్నచో పాపికొండలకో, కోరంగి మడ అడవులకో పోవలెనని చాలమంది తలంపు. గోదావరి సీమలో నివసించు మనకు అంత ప్రయాణము అక్కరలేదు. పంటకాలువ గట్టు, కొబ్బరితోట, ఇంటి వెనుక గడ్డివామి, ఇవియే చాలును. చూచుట వేరు, గమనించుట వేరు. ఈ రెండవ దానివలన కలుగు మేలును గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదము.

ఈ గమనికకు మన ప్రాంతముననే ఘనమైన పూర్వచరిత్ర కలదు. విలియం రాక్స్‌బర్గ్ అను స్కాట్లండు వైద్యుడు 1781లో సామర్లకోటకు వచ్చి, 1793లో కలకత్తాకు తరలిపోవువరకు ఇచటి మొక్కలను పరిశీలించెను. దేశీయ చిత్రకారులచే వాని బొమ్మలు వ్రాయించెను. జనులు పలుకు తెలుగు పేర్లను గ్రహించెను. 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటములుగా వెలువడిన ఆయన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథమున 300 చిత్రములు కలవు. మన 'సోమిద' అను పేరు ఒక వృక్షజాతికి శాస్త్రనామమునందే నిలిచిపోయినది. ఊరివారి నోటిమాటకు అంతటి విలువ కలదు.

ఇక మనము చూడగలిగినదేమి? వానకాలమున కాలువ మీదికి వంగిన తాటిచెట్టును చూడుడు. గిజిగాని గూళ్లు వ్రేలాడుచుండును. వానిలో కొన్ని సగముననే ఆగిపోయి గంటవలె కనుపించును. గాలివానకు చెడినవని తలంతుము. చాలసార్లు కారణము అది కాదు. గూడు అల్లునది మగపిట్ట. సగము అల్లిన పిమ్మట ఆడుపిట్ట వచ్చి పరీక్షించును. మెచ్చినచో మగపిట్ట పొడవైన ద్వారము అల్లి పూర్తిచేయును. మెచ్చనిచో ఆ పని అంతటితో సరి. సలీం అలీ పండితుడు 1930 ప్రాంతమున కొంకణ తీరమున ఈ పద్ధతిని ఓపికగా కనిపెట్టెను.

గమనిక వినోదము మాత్రమే కాదు, ప్రాణరక్షణ కూడ. వరిచేలలో ఎలుకలను తిని రైతుకు మేలుచేయు జెర్రిపోతు విషములేనిది. చెరువులలోని నీరుకట్టెయు అట్టిదే. అయినను కనుపించిన తోడనే కర్ర అందుకొనువారు పెక్కుమంది. రెండు జెర్రిపోతులు పెనవేసుకొని లేచి ఆడినప్పుడు అది జతకట్టుట యని చెప్పుకొందురు. నిజమునకు అవి పోరాడుచున్న రెండు మగపాములు. రక్తపింజర మాత్రము ప్రాణాంతకమైనది. దాని వీపున గొలుసువలె వరుసలుగా గుండ్రని మచ్చలుండును, బిగ్గరగా బుసకొట్టును, పనల క్రింద దాగియుండవచ్చును. విషసర్పములను గుర్తించుటకై పాట్రిక్ రస్సెల్ అను మరియొక వైద్యుడు ఈ తీరమున పరిశోధించి 1796లో గ్రంథము వెలువరించెను. రక్తపింజరకు ఆంగ్లమున ఆయన పేరే పెట్టిరి. ఐనను తెలియని పామును ముట్టరాదు, దూరముగా తొలగవలెను. కాటుపడినచో మంత్రములకై కాలము గడపక తక్షణమే ఆసుపత్రికి చేర్చవలెను.

పిల్లల చేతికి ఒక చిన్న పుస్తకము ఇండు. చూచిన ప్రాణి పేరు, తేదీ, అది చేయుచున్న పని వ్రాయుమనుడు. పేరు తెలియనిచో ఇంటిలోని పెద్దలను అడుగుమనుడు. ముసలివారికి తెలిసిన పేర్లు అడుగువారు లేక వారితోడనే అంతరించుచున్నవి. అవి నిలుచుటకు పెరటిలో పది నిమిషములు, ఒక పెన్సిలు ముక్క చాలును.