తపాలా బిళ్లమీద ఎవరి బొమ్మ?

సంఘమునకు ఉత్తరము వచ్చినప్పుడు మనము మొదట చూచునది పంపినవారి పేరు, పిమ్మట లోపలి సంగతి. కవరు మూలనంటించిన చిన్న కాగితపు ముక్కను చూచువారు మిక్కిలి అరుదు. కవరు చించి ఉత్తరము తీసికొందుము. బిళ్ల కవరుతోకూడ పొయ్యిలోనికో పెంటకుప్పమీదికో పోవును. ఈ మాసమున ఎరువులను, విత్తనములను కొంచెము ప్రక్కనుంచి ఆ బిళ్లనుగూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిమి. "రైతునకు దీనితో పని యేమి?" అని సభ్యులడుగవచ్చును. పని కలదు. తపాలా బిళ్ల రుసుము చెల్లించినామనుటకు రసీదు మాత్రమే కాదు. ప్రభుత్వము ఎవరిని, దేనిని గౌరవింపదగినదిగా తలచినదో దానిమీది బొమ్మ తెలుపును. ఆ వరుసలో రైతు ఎక్కడ నిలిచినాడో తెలిసికొనుట రైతునకు అవసరమే.

బిళ్లలు రెండు విధములు. మొదటివి సాధారణపు బిళ్లలు. అవి అయిపోయినకొలది మరల మరల అచ్చగుచుండును. రెండవవి స్మారకపు బిళ్లలు. ఒక మహాపురుషుని జ్ఞాపకార్థముగానో, ఒక సంస్థ యేబది యేండ్లు నిండినందులకో, ఒక గొప్ప సంఘటనకు గురుతుగానో వానిని ఒక్కమారు పరిమితముగా అచ్చువేయుదురు. అయిపోయిన పిదప మరల అచ్చువేయరు. ప్రపంచమున మొట్టమొదటి అంటించు బిళ్ల 1840లో ఇంగ్లండులో వెలువడినది. దానిమీది బొమ్మ విక్టోరియా రాణి ముఖమే. రాజు ముఖము నుండి ప్రజల పనులవరకు ఈ బిళ్ల నడచిన దారియే మన కథ.

ఈ కథకు హైదరాబాదు మంచి ఉదాహరణము. నిజాము రాజ్యమునకు సొంత తపాలా యుండెడిది. ఆ తపాలా తొలిబిళ్ల 1869లో ఒక అణా వెలతో వెలువడినది. 1871లో వచ్చిన బిళ్లలమీద ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ భాషలతో పాటు మన తెలుగును అచ్చయినది. రాజ్యము భారతదేశమున చేరిన తరువాత, 1950 ఏప్రిలు 1వ తేదీనాడు ఆ తపాలా భారత తపాలాలో కలిసిపోయినది. అంతవరకు వచ్చిన బిళ్లలమీది బొమ్మలు పెక్కింటిని నేటికిని కన్నులార చూడవచ్చును.

సంఘపు పనులమీద నారాయణగూడకు వచ్చు సభ్యులు తిరుగు బండికి వేళయగువరకు ఊరక కూర్చుండనక్కరలేదు. నారాయణగూడ నడుమ నిలిచి చూచిన, బిళ్లలకెక్కిన స్థలములు నాలుగు దిక్కుల కలవు. తూర్పున ఉస్మానియా విశ్వవిద్యాలయము. దక్షిణముగా పోయిన మూసీ యొడ్డున ఉస్మానియా ఆసుపత్రి, ఏరు దాటిన హైకోర్టు భవనము, ఆవల చార్మినారు, దానికి చేరువనే యునానీ ఆసుపత్రి. పడమట పబ్లిక్ గార్డెన్సులో జూబిలీ హాలు, దాని చెంతనే టౌన్‌హాలు. వీనిలో చార్మినారు, హైకోర్టు 1931లో వచ్చిన వరుసలోనివి. అజంతా గుహలు, బీదరు మదరసా, దౌలతాబాదు మినారు, ఉస్మాన్‌సాగరు జలాశయము ఆ వరుసలోనివే. రెండు ఆసుపత్రులు, విశ్వవిద్యాలయము, జూబిలీ హాలు మీర్ ఉస్మాన్ అలీఖాన్ రజతోత్సవమునకు గురుతుగా 1937లో వెలువడిన నాలుగు స్మారకపు బిళ్లలమీద నున్నవి. సంస్కరింపబడిన శాసనసభకు గురుతుగా 1947 ఫిబ్రవరిలో టౌన్‌హాలు బొమ్మతో మరియొకటి వచ్చినది. ఆ భవనమే తరువాత శాసనసభా భవనమైనది. తుదిదినములలో వరంగల్లు కోటలోని కాకతీయ తోరణము, గోలకొండ కోట, హైదరాబాదు విద్యుత్కేంద్రము బిళ్లలకెక్కినవి. హుస్సేన్‌సాగరు గట్టున నుండిన ఆ విద్యుత్కేంద్రము ఇప్పుడు లేదు. దాని రూపు బిళ్లమీద మిగిలియున్నది.

ఈ బొమ్మలలో రైతు ప్రత్యేకముగా చూడవలసినది ఉస్మాన్‌సాగరు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీకి మహాప్రవాహము వచ్చి నగరమున వేలకొలది జనులు మృతినొందిరి. ఇట్టి యాపద మరల రాకుండ ఉపాయము చెప్పుటకు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించిరి. ఏటి నీటిని నగరమునకు పైననే ఆపవలెనని వారు నిర్ణయించిరి. అట్లు గండిపేటయొద్ద మూసీకడ్డముగా 1920లో ఉస్మాన్‌సాగరు, ఈసా యేటికడ్డముగా 1927లో హిమాయత్‌సాగరు సిద్ధమైనవి. నగరమును ముంచిన నీరే నగరమునకు త్రాగునీరైనది. చెరువు 1931లో బిళ్లమీదికెక్కినది. దానికి దారి చూపిన యింజనీరు నూరవ జన్మదినమునాడు, 1960 సెప్టెంబరు 15వ తేదీన, ఆయన సజీవుడైయుండగనే భారత ప్రభుత్వము ఆయన బొమ్మతో బిళ్లను వెలువరించినది. పనికి ముందు, పని చేసినవానికి తరువాత గౌరవము లభించుట ఇందు చూడవచ్చును. కాని గట్టుకు మట్టి మోసిన కూలివాని ముఖము ఏ బిళ్లమీదను మేము చూడలేదు.

నిజాము కాలపు ఈ బొమ్మలనన్నిటిని ఒక్కచోట పేర్చి చూచిన ఒక సంగతి తోచును. కోటలు, కోర్టులు, ఆసుపత్రులు, హాళ్లు కనబడును, అరక కనబడదు. ఆ భవనములకెల్ల ఆధారమైన భూమిశిస్తు ఏ చేతులనుండి వచ్చినదో ఆ చేతులు కనబడవు. రెండవ మహాయుద్ధము ముగిసిన పిమ్మట వచ్చిన విజయపు బిళ్లమీద ఒక సామాన్యుడు కనబడినాడు. అతడు యుద్ధమునుండి ఇల్లు చేరి ఆలుబిడ్డలను కలిసికొన్న సిపాయి. వాని పొరుగుననే నాగలి పట్టి రాజ్యమునకు తిండి పెట్టినవానికి ఆ వరుసలో చోటు దొరకలేదు.

స్వతంత్ర భారతము బొమ్మలను మార్చినది. 1947 నవంబరు 21వ తేదీన వచ్చిన తొలిబిళ్లమీద జాతీయ పతాకము, "జై హింద్" అను మాట ఉండెను. 1948 ఆగస్టు 15వ తేదీన గాంధీమహాత్ముని బొమ్మతో నాలుగు బిళ్లలు వెలువడెను. అవి స్విట్జర్లండు దేశమున అచ్చయినవి. "బాపు" అను మాట హిందీ, ఉర్దూ లిపులలో వానిమీద నున్నది. పంచవర్ష ప్రణాళికను చూపుటకై 1955 జనవరిలో వచ్చిన సాధారణపు వరుసలో ట్రాక్టరు, ఎద్దులచే నీరు తోడించు బావి, ఎడ్లజత, చేనేత మగ్గము, ఆనకట్ట కానవచ్చినవి. తొమ్మిది పైల బిళ్లమీదనే బావియు ఎడ్లును ఉండుటచే, ఊరి రైతు తన బావిని తానే కవరునకంటించినట్లయినది. లాల్ బహదూరు శాస్త్రిగారి తొలి వర్ధంతికి 1967 జనవరి 11వ తేదీన వచ్చిన బిళ్లమీద రైతు బొమ్మయు, "జై కిసాన్" అను వారి నినాదమును ఉన్నవి. మరుసటి యేడు, 1968 జులైలో, గోధుమ దిగుబడి పెరిగినందులకు ఒక స్మారకపు బిళ్ల వచ్చినది. పంట పండుటయు దేశచరిత్రలో ఒక సంఘటనయేనని ప్రభుత్వము అంగీకరించినదనుటకు అది సాక్ష్యము.

మన తెలుగువారి సంగతి చూతము. చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ కలదు. ఆ సభకు పేరిచ్చిన త్యాగరాజస్వామి బిళ్ల 1961 జనవరిలో వెలువడినది. కావేరితీరమున నివసించుచు తెలుగున పాడిన యాయనను దేశమంతయు కవరుమీద చూచినది. 1972లో వేమనకును టంగుటూరి ప్రకాశం పంతులుగారికిని, 1974లో కందుకూరి వీరేశలింగముగారికిని ఆ గౌరవము దక్కినది. పొలముగట్టున పద్యమై మెలగు వేమన బిళ్లమీదికి వచ్చుట రైతులకెల్ల సంతోషకరము. 1975 ఏప్రిలులో హైదరాబాదున ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినప్పుడు మన భాషకే యొక బిళ్ల వచ్చినది. మన్యపు ప్రజల పక్షమున నిలిచిన అల్లూరి సీతారామరాజు 1986లోను, మందుల పరిశోధనలో జీవితము గడపిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1995లోను బిళ్లలకెక్కిరి. గుంటూరు మండలము నిడుబ్రోలునకు చెందిన రైతునాయకులు ఆచార్య ఎన్.జి. రంగాగారి బిళ్ల 2001లో వచ్చినది. తెలుగు రైతు ఉద్యమమునకు తపాలాశాఖ చేసిన వందనముగా దానిని భావింపవచ్చును.

రైతు మరువరాని మరియొక బిళ్ల 1997లోనిది. అంతకు నూరేండ్లకు ముందు, 1897 ఆగస్టు 20వ తేదీన, సికిందరాబాదులో రోనాల్డు రాస్ అను వైద్యుడు దోమ కడుపులో చలిజ్వరపు క్రిమిని కనుగొనెను. నిలువనీటికిని జ్వరమునకును గల సంబంధము అప్పటినుండి స్పష్టమైనది. ఆ బిళ్లను చూచినప్పుడైనను ఇంటి పెరటిలోని మురుగుగుంటను పూడ్చుకొనవలెనని సభ్యులకు మనవి.

ఇక సహకార సంఘముల సంగతి. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది మొదలు నూట యిరువది యేండ్లు గడచినవి. 2024 నవంబరు 25వ తేదీన ఢిల్లీలో అంతర్జాతీయ సహకార సమావేశము జరిగినప్పుడు, ఐక్యరాజ్యసమితి 2025వ సంవత్సరమును సహకార సంవత్సరముగా ప్రకటించినందులకు గురుతుగా ప్రధానమంత్రి ఒక స్మారకపు బిళ్లను వెలువరించిరి. వడ్డీవ్యాపారి గడపనుండి రైతును విడిపించుటకు పుట్టిన చిన్న సంఘము బిళ్ల కెక్కినది. పదిమంది కలిసి పది రూపాయలు జమచేసిన పని రాజభవనములతో సమముగ నిలువదగినదేనని దీని యర్థము.

ఇచ్చట సభ్యులను ఒక విషయమున హెచ్చరింపవలసియున్నది. 2011నుండి "మై స్టాంప్" అను ఏర్పాటున్నది. రుసుము చెల్లించినచో తపాలాశాఖ బిళ్లప్రక్కన మనము కోరిన బొమ్మను అచ్చువేసి యిచ్చును. పెండ్లికి, పుట్టినరోజునకు అది ముచ్చటయే. కాని "మా నాయకునకు కేంద్రప్రభుత్వము బిళ్ల వేసినది, చందా ఇండు" అని యెవరైన ఊరికి వచ్చినచో, అది స్మారకపు బిళ్లయా లేక రుసుము కట్టి వేయించుకొన్నదా యని ముందుగా విచారింపుడు. మొదటిది గౌరవము, రెండవది కొనుగోలు. నాటు విత్తనమును మేలురకమని అమ్మువానిని పోల్చుకొన్నట్లే దీనిని పోల్చుకొనవలెను.

నిజమైన స్మారకపు బిళ్లకు ప్రతిపాదన పంపు హక్కు ప్రతి పౌరునకు కలదు. తపాలాశాఖకు కారణములతో వ్రాసి పంపవలెను. అట్టి ప్రతిపాదనలను పరిశీలించుటకు ఒక సలహాసంఘము కలదు. పంపినవన్నియు నెరవేరవు. అయినను అడుగనివానికి అసలే దొరకదు. నగరవాసులు తమ కళాశాలలకు, నాయకులకు అడుగుచున్నారు. మన పక్షమున అడుగువారెవరు? కాకతీయుల కాలమునుండి పైరులకు నీరిచ్చుచున్న పాకాల, రామప్ప వంటి చెరువులు, మెట్టపొలములను బ్రతికించిన జొన్న, ఆముదము, ఊరి సంఘమును నిలబెట్టిన పెద్దలు, ఇట్టివానినిగూర్చి వ్రాయదగిన చరిత్ర మనకు కలదు. అది మన నోళ్లలో నున్నది, కాగితముమీద లేదు. చరిత్ర కాగితమునకెక్కక బిళ్లకెక్కదు. కావున ప్రతి సంఘమును తన తొలి సభ్యుల పేర్లను, సంఘము పుట్టిన తేదీని, ఊరి చెరువు కథను వృద్ధులనుండి విని మినిట్సు పుస్తకమున వ్రాసియుంచవలెనని కోరుచున్నాము. ఆ వృద్ధులు ఎల్లకాలము ఉండరు.

పిల్లలచేత బిళ్లలు సేకరింపజేయుట సులభము. బిళ్లను గోటితో పెరుకరాదు. చుట్టును కొంత కాగితముతో కత్తిరించి, పళ్లెములో చల్లని నీటిలో కొంతసేపు ఉంచిన జిగురు వదలును. రంగు కాగితపు కవరుముక్కలను వేరే పళ్లెములో నుంచవలెను. లేనిచో రంగు అంటును. తడిబిళ్లను అద్దుకాగితముమీద బోర్లించి నీడను ఆరబెట్టి, బరువైన పుస్తకము క్రింద ఒక రాత్రి ఉంచిన చదునగును. ఆల్బమునకు జిగురుతో అంటింపరాదు. ఇంటిలో పాత ఉత్తరముల కట్టలున్నచో బిళ్లను వేరుచేయక కవరుతోకూడ ఉంచుడు. తపాలాముద్రలోని ఊరిపేరును తేదీయును బిళ్లంత విలువగలవి. చెమ్మ తగులనిచోట, చెదలు చేరని పెట్టెలో భద్రపరుపవలెను. స్మారకపు బిళ్లతో తపాలాశాఖవారు దాని చరిత్ర తెలుపు కరపత్రమును ప్రకటింతురు. నగరమునకు వచ్చినవారు ఆబిడ్సులోని పెద్ద తపాలా కార్యాలయమున విచారింపవచ్చును.

రాబోవు సర్వసభ్య సమావేశమునకు వచ్చునప్పుడు ప్రతి సంఘ కార్యదర్శియు తన సంఘపు పుట్టుపూర్వములను ఒక పుటకు మించకుండ వ్రాసి తేవలెనని ప్రార్థన. వచ్చిన వానిని ఈ పత్రికలో వరుసగా ప్రకటింతుము. వానిలో బిళ్లకు తగినది యున్నచో అందరి సంతకములతో ప్రతిపాదన వ్రాయుటకు మేము తోడ్పడుదుము.