ఈటీఎఫ్

బొంరాస్‌పేట నుంచి తాండూరు సిమెంటు ఫ్యాక్టరీకి పనికెళ్లే కార్మికుడు షేర్ల జోలికి వెళ్లకపోవచ్చు. కానీ అతని పీఎఫ్ ఉద్యోగుల భవిష్య నిధి సంస్థ (ఈపీఎఫ్‌వో)లో జమవుతుంటే, ఈటీఎఫ్ అనే పదంతో సంబంధం ఉన్నట్టే. ఆ సంస్థ 2015 ఆగస్టు నుంచి కొత్తగా వచ్చే సొమ్ములో కొంత ఈటీఎఫ్‌లలో పెడుతోంది. 5 శాతంతో మొదలైన వాటా తర్వాత 15 శాతానికి పెరిగింది.

ఈటీఎఫ్ అంటే ఎక్స్ఛేంజ్ ట్రేడెడ్ ఫండ్. నిఫ్టీ 50 లాంటి సూచీలోని కంపెనీల షేర్లను అదే నిష్పత్తిలో కొని, యూనిట్లుగా విభజించి అమ్ముతారు. మార్కెట్ నడిచే వేళల్లో షేరులాగే కొనొచ్చు, అమ్మొచ్చు. షేర్లు, యూనిట్లను ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచే డీమ్యాట్ ఖాతా తప్పనిసరి. ఏ షేరు కొనాలో మేనేజరు ఎంచుకునే పని లేదు కనుక ఖర్చు తక్కువ.

అమెరికాలో ఎస్ అండ్ పీ 500 సూచీ ఈటీఎఫ్ 1993లో వచ్చింది. మన దేశంలో మొదటిది నిఫ్టీ బీస్, 2001 డిసెంబరులో మొదలైంది. 2007లో షేర్లకు బదులు బంగారంలో పెట్టే ఈటీఎఫ్‌లూ వచ్చాయి. నగల్లో ఉండే మజూరీ, తరుగు వీటిలో ఉండవు.

కొనేముందు మూడు చూడాలి: ఏటా కోసుకునే ఖర్చు, రోజువారీ లావాదేవీల పరిమాణం, యూనిట్ ధరకూ దాని అసలు విలువకూ ఉన్న తేడా. లావాదేవీలు పలుచగా ఉంటే ఎక్కువకు కొని తక్కువకు అమ్ముకోవాల్సి రావచ్చు. అందుకే ధర మనమే నిర్ణయించే లిమిట్ ఆర్డర్ మేలు.

పీఎఫ్‌పై ఏటా వడ్డీ ప్రకటిస్తారు. సొంతంగా కొన్న ఈటీఎఫ్‌కు ఆ భరోసా లేదు. సూచీ పడితే నష్టమంతా మనదే. వచ్చే పంట పెట్టుబడికి దాచిన డబ్బు ఇందులో పెట్టకూడదు.